సంతకం ఉక్కునగరంలో, పన్ను అమెరికాలో

విశాఖలో మర్చంట్ నేవీ కుటుంబాలకు రోజుల లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఓడ ఎక్కిన తేదీ, దిగిన తేదీ నావికుల సీడీసీ పుస్తకంలో పడతాయి. అంతర్జాతీయ ప్రయాణమైతే ఆ రెండు తేదీల మధ్య రోజులు భారత్‌లో ఉన్నట్టు లెక్కకు రావు. ఏడాదిలో ఇక్కడున్నవి 182 రోజుల లోపైతే సాధారణంగా ఆ నావికుడు నాన్ రెసిడెంట్. భార్య ఎంవీపీ కాలనీలో ఉంటూ టీచరు జీతం తెచ్చుకుంటున్నా ఆమె రిటర్ను ఆమెదే, అతని రిటర్ను అతనిదే. మన ఆదాయపు పన్ను చట్టం మనిషిని చూస్తుంది తప్ప పెళ్లిని చూడదు. గోవా లాంటి ఒకప్పటి పోర్చుగీసు ప్రాంతాల్లో పోర్చుగీసు సివిల్ కోడ్ పుణ్యమా అని దంపతుల కొన్ని ఆదాయాలు చెరిసగంగా పంచుతారు గానీ, మిగతా దేశంలో ఆ ముచ్చట లేదు. 1961 చట్టం పోయి 2025 చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినా ఈ మూలసూత్రం మారలేదు.

ఈ అలవాటుతో పెరిగిన మనవాళ్లు అమెరికా రిటర్ను ముందు కూర్చుంటే తికమక మొదలవుతుంది. అక్కడ దంపతుల ఆదాయం కలిపి చెరిసగంగా లెక్కగట్టే పద్ధతి 1948లోనే వచ్చింది. డిసెంబరు 31 నాటికి పెళ్లయి ఉంటే చాలు, భార్య విశాఖలో ఉన్నా ‘సింగిల్’ అని టిక్ పెట్టడం తప్పు. ‘నేనే కదా ఇల్లు నడిపేది’ అని ‘హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్’ ఎంచుకోవడం ఇంకో తప్పు. దూరాన ఉన్న భార్యను చూపి ఆ హోదా పొందలేరు. ఇక్కడుండే అమ్మానాన్నలకు డబ్బు పంపినా, వాళ్లు అమెరికా పౌరులో రెసిడెంట్లో కాకపోతే అదీ పనికిరాదు. సాధారణంగా అర్హత ఉన్న పిల్లలెవరైనా తన దగ్గరే ఉండాలి. అది లేనివారికి మిగిలేవి రెండే దారులు: విడిగా వేయడం, లేదా భార్యను కూడా అమెరికా రెసిడెంటుగా పరిగణించమని ఇద్దరూ రాసిచ్చి జాయింటుగా వేయడం. ఎఫ్-1 మీద వెళ్లిన విద్యార్థులు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు నాన్ రెసిడెంట్లే కాబట్టి, వాళ్లకు ఈ చర్చ అప్పుడే అక్కర్లేదు.

జాయింటు మీద మోజు ఎందుకో అంకెలు చూస్తే తెలుస్తుంది. 2025 ఆదాయానికి విడిగా వేసేవారి స్టాండర్డ్ డిడక్షన్ 15,750 డాలర్లు, జాయింటుకు 31,500. డల్లాస్‌లో హెచ్-1బీ మీద 1,10,000 డాలర్లు సంపాదించే ఒక భర్తను ఊహించుకుందాం. విడిగా వేస్తే ఫెడరల్ పన్ను 15,600 డాలర్ల పైచిలుకు. భార్యకు ఆదాయం లేకుండా జాయింటుగా వేస్తే దాదాపు 8,900. తేడా 6,700 డాలర్లు. ఆమెకు విశాఖలో 12 లక్షల జీతం ఉందనుకుందాం. కొత్త పన్ను విధానంలో రిబేటు పుణ్యమా అని ఇక్కడ ఆమె కట్టేది సున్నా. ఇక్కడ కట్టిన పన్నే లేనప్పుడు అక్కడ మినహాయించుకోవడానికి ఫారిన్ టాక్స్ క్రెడిట్ ఏముంటుంది? వేరే మినహాయింపు ఏదీ తీసుకోకపోతే ఆ జీతమంతా అక్కడి లెక్కలో చేరుతుంది. అయినా జాయింటు వల్ల సుమారు 5,000 డాలర్లు మిగులుతాయి. జీతం ఒక్కటే ఉన్న ఇంట్లో జాయింటే మేలన్నది నా అభిప్రాయం కూడా.

విశాఖ ఇళ్లలో ఆస్తి అంటే జీతం ఒక్కటే కాదు. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద నాన్న ఇచ్చిన స్థలం ఉంటుంది. పెందుర్తిలో అలాంటి స్థలం అమ్మి, ఆ డబ్బుతో మధురవాడలో ఫ్లాటు కొన్నారనుకోండి. షరతులకు లోబడితే మన చట్టం ఆ లాభం మీద పన్ను అడగదు. పాత ఆస్తి అయితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపుకొనే వెసులుబాటు కూడా ఉంది. అమెరికా చట్టానికి ఈ రెండూ పట్టవు. బహుమతిగా వచ్చిన ఆస్తికి నాన్న ఎప్పుడో పెట్టిన ధరే ఆధారం, లాభమంతా లెక్కలోకే. డాలరు 88 రూపాయలనుకుంటే 75 లక్షల లాభం 85,000 డాలర్లు. భార్యకు జీతం లేదనుకున్న పై కుటుంబానికే దీన్ని కలిపితే ఒక్క ఏడాదిలో దాదాపు 10,000 డాలర్ల పన్ను పడుతుంది. జాయింటుతో మిగిలిందంతా పోయి ఎదురు కట్టాల్సి వస్తుంది. విడిగా వేసి ఉంటే ఆమె స్థలం జోలికి అమెరికా వచ్చేదే కాదు.

పీపీఎఫ్ వడ్డీదీ అంతే: ఇక్కడ పన్ను లేదు, అక్కడ ఉంది. మన మ్యూచువల్ ఫండ్ల మీద అమెరికా నిబంధనలు మరీ కఠినం, ఫండుకో ఫారం నింపాల్సి రావచ్చు.

‘ఈ ఏడాది వేసి చూద్దాం, బాగోకపోతే మానేద్దాం’ అంటారు. మానేయవచ్చు, కానీ మళ్లీ ఆ ఎంపిక దొరకదు. ఒకసారి రద్దయితే తర్వాతి సంవత్సరాల్లో ఇద్దరిలో ఎవరికీ ఆ అవకాశం ఉండదు. భార్య అమెరికా వెళ్లి స్వయంగా రెసిడెంటు అయితే అది వేరే సంగతి. కాబట్టి రెండు మూడేళ్లలో స్థలమో ఇల్లో అమ్మే ఆలోచన ఉన్నవారు ఈ ఏటి రిఫండు చూసి తొందరపడకూడదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది సంతకం. జాయింటు రిటర్ను మీదా, రెసిడెంటుగా పరిగణించమనే ప్రకటన మీదా ఇద్దరూ సంతకం చేయాలి. ఆ రిటర్నులో తప్పులున్నా, పన్ను బాకీ పడినా మొత్తానికి ఇద్దరూ, ఒక్కొక్కరూ బాధ్యులే. ‘ఇన్నోసెంట్ స్పౌస్’ అని ఉపశమనం అడగవచ్చు గానీ, దాన్ని రుజువు చేసుకునే భారం ఆమె మీదే. ఆచరణలో జరిగేది ఏమిటంటే, అమెరికా పన్ను గుర్తింపు సంఖ్య (ఐటిన్) కోసం డబ్ల్యూ-7 ఫారం వాట్సాప్‌లో వస్తుంది, ‘ఇక్కడ సంతకం పెట్టి స్కాన్ చేసి పంపు’ అంటారు. పాస్‌పోర్టు దీంతోపాటు అమెరికాకు పోస్టు చేయాలంటే ఇల్లంతా చర్చ జరుగుతుంది. అమెరికా పన్ను శాఖ గుర్తించిన ఏజెంటు దగ్గర సరిచూపిస్తే పోస్టు బాధ తప్పుతుందని ఎవరో చెబుతారు. రిటర్నులో ఏముందో మాత్రం ఎవరూ చూడరు. భార్య అమెరికాలో, భర్త స్టీల్ ప్లాంటులో ఉన్న ఇళ్లలోనూ ఇదే తంతు.

మన చట్టం పెళ్లిని గుర్తుపెట్టుకునే చోటూ ఒకటుంది, అదీ డబ్బు దగ్గరే. భర్త పంపిన డబ్బు మీద భార్యకు పన్ను లేదు. కానీ ఆమె దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే వచ్చే వడ్డీ భర్త ఆదాయంలో కలుస్తుంది. బ్యాంకు టీడీఎస్ మాత్రం ఆమె పాన్ మీద కోస్తుంది. 12 లక్షల దాకా పన్ను లేదన్న భరోసా నాన్ రెసిడెంటైన అతనికి వర్తించదు, ఆ రిబేటు రెసిడెంట్లకే. అదే డబ్బు అతని ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఉంటే ఇక్కడ వడ్డీకి పన్ను ఉండదు, అమెరికా రిటర్నులో మాత్రం చూపాలి.

అమెరికా రిటర్ను గడువు ఏప్రిల్ 15 దగ్గర పడుతున్నప్పుడు అటునుంచి సంతకం అడిగితే, అమ్మా, ముందు రిటర్ను పూర్తి కాపీ తెప్పించుకోండి. మీ పేరున ఉన్న స్థలాలు, డిపాజిట్లు, ఫండ్ల జాబితా రాసి, అటు సీపీఏకీ ఇటు మీ ఆడిటరుకూ ఇద్దరికీ చూపించండి. ఇద్దరి జవాబూ చేతికొచ్చాకే సంతకం పెట్టండి. సమయం చాలకపోతే అక్టోబరు 15 దాకా గడువు పొడిగింపు అడగవచ్చు. కట్టాల్సిన పన్ను మాత్రం ఏప్రిల్‌లోనే కట్టాలి.