మర్యాద చాలు, చేలోకి తీసుకెళ్లండి

వ్యవసాయ కళాశాలల్లో చివరి ఏడాది చదివే పిల్లలు ఊళ్లకు వస్తుంటారు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం అని దాని పేరు. అందరూ రావెప్ అంటారు. దేశంలోని వ్యవసాయ విద్యార్థులందరికీ ఇలాంటిది ఉండాలని 1992లో రంధావా కమిటీ సిఫారసు చేసింది. విద్యార్థిని ఒక రైతుకు అప్పగిస్తారు. ఆ రైతు వెంట తిరిగి సేద్యం నేర్చుకోవాలి.

మరి మనం ఏం చేస్తున్నాం? కుర్చీ వేసి కాఫీ ఇస్తాం. రోడ్డు పక్కనున్న మంచి చేను చూపిస్తాం. వాళ్లు రంగు ముగ్గులతో ఊరి పటం వేస్తారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. అమ్మవారి దర్శనానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లకు అన్నం పెట్టిన ఊరు మన పెనుగొండ. మర్యాద మనకు ఒకరు నేర్పనక్కర్లేదు. కానీ యాత్రికుడికి చేసే మర్యాద వేరు, పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి చేయాల్సింది వేరు.

ఆఫ్రికాకు తూర్పున సముద్రంలో మడగాస్కర్ అనే దీవి ఉంది. అక్కడివాళ్లూ మనలాగే వరి రైతులు, మూడు పూటలా అన్నమే తింటారు. గిన్నెలో అడుగంటిన మాడులో నీళ్లు పోసి కాచి తాగుతారు. పొడవాటి పారతో నేల తిరగేస్తారు, పశువులను చేలో తొక్కించి దమ్ము చేస్తారు. ఊడ్పులకు ఒకరి చేలోకి ఒకరు బదులు పనికి వెళతారు. అమెరికా ప్రభుత్వం పీస్ కోర్ పేరుతో 1993 నుంచి తమ యువతీ యువకులను అక్కడికి పంపడం మొదలుపెట్టింది. శిక్షణ రోజుల్లో వాళ్లు ఉండేది పల్లె కుటుంబంలోనే. ఆ ఇంటివాళ్లతో కూర్చుని తినాలి, వాళ్ల భాషే మాట్లాడాలి, వాళ్ల పనులే చేయాలి.

అలా రైతుల మధ్య ఉంటే ఏం వస్తుందో ఆ దీవే చూపించింది. ఆన్రీ ద లొలానియే అనే ఫ్రెంచి ఫాదిరీ 1961లో అక్కడికి వెళ్లి రైతులు చేసేది ఏళ్ల తరబడి గమనించారు. కొందరు ఒక్కో మొక్కనే నాటుతున్నారు, కొందరు నీరు ఎప్పుడూ నిలబెట్టడం లేదు. 1983లో పదిహేను రోజుల లేత నారు నాటాల్సి వచ్చినప్పుడు దుబ్బులు విపరీతంగా పిలకలు వేశాయి. మనం శ్రీ వరి అనేది అలా పుట్టిందే. 2003 సార్వాలో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని ఉమ్మడి రాష్ట్రంలోని రైతుల చేలల్లో పెట్టించి చూసింది.

డెల్టాలో అది ఎందుకు నిలబడలేదో మీకు తెలుసు. మన నీరు చేను మీద నుంచి చేనుకు పారుతుంది. పై రైతు వదిలితేనే కింది రైతుకు నీరు. వానలకు మురుగు కాలువ ఎగదన్నితే లేత నారు మునిగిపోతుంది. ఇది పుస్తకంలో చదివితే తెలిసేది కాదు. ఆ రాత్రి మీతో గట్టు మీద నిలబడ్డ కుర్రాడికి ఒక్కసారి చూస్తే చాలు.

ఇంకోటి. సుడిదోమ రాకుండా ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని విద్యార్థి చెబుతాడు. మంచి మాటే, వినండి. అయితే ఎకరానికి ఇంత అని గుత్తకు దిగిన ఊడ్పుల ముఠా బాట తీయడానికి ఎందుకు ఒప్పుకోదో వాడికి చూపించండి. వీలైతే ఒక పూట ముఠాతోపాటు దించండి. రేపు వాడు అధికారి అయ్యాక ఇచ్చే సలహా వేరుగా ఉంటుంది.

లెక్క కూడా దాచొద్దు. కౌలుకు ఎన్ని బస్తాలు పోతున్నాయి, పురుగుమందుల కొట్లో బాకీ ఎంత, తేమ పేరుతో ఎంత తగ్గించారు, అన్నీ చెప్పండి. సాగుదారు హక్కు కార్డుకు 2019 చట్టం భూయజమాని సంతకం అడిగింది. ఆ సంతకం కోసం కౌలు రైతు ఎన్నిసార్లు తిరిగాడో కూడా చెప్పండి.

'మాది చిన్న ఇల్లు, ఆడపిల్లలు వస్తే ఎక్కడ ఉంచుతాం' అంటారు. నిజమే. అందుకే ఎప్పుడూ పెద్ద రైతు ఇంటికే పంపుతున్నారు. రాత్రి బస ఎక్కడైనా ఉండనివ్వండి, పగలంతా చిన్న రైతు వెంట ఉంటే చాలు. మీరు తినేదే పెట్టండి, మీ వరుసలోనే కూర్చోబెట్టండి. వాడిది ఏ కులమని అడగొద్దు.

మీకూ లాభం ఉంది. మట్టి నమూనా పద్ధతిగా తీయించుకోండి, మొలక శాతం చూపించుకోండి, మందు డబ్బా మీద రాసింది చదివించుకోండి. మనకు స్వర్ణ ఇచ్చిన మార్టేరు పరిశోధన కేంద్రం పక్కనే ఉంది. మీ చేలో అంతుపట్టని తెగులు ఉంటే ఆ మొక్కలు పీకి వాడి చేత అక్కడికి పంపండి.

కళాశాలల వారికీ ఒక మాట. ప్రతి ఊళ్లో కనీసం సగం మంది పిల్లలను రెండెకరాల లోపు రైతుకో, కౌలు రైతుకో అప్పగించండి. మార్కులు వేసే ముందు ఆ రైతును కూడా ఒక మాట అడగండి.