బీజాపూర్ రోడ్డులో ముద్దాయి ఎవరు?

కాచిగూడలోనో నాంపల్లిలోనో నిలబడి బీజాపూర్ రోడ్డు ఎటని అడిగితే మెహిదీపట్నం వైపు చెయ్యి చూపిస్తారు. చేవెళ్ల, పరిగి, తాండూరు బస్సులు ఎక్కేది అక్కడే. లంగర్‌హౌస్ దాటి అప్పా జంక్షన్ చేరాక గానీ ఊరు వదిలినట్టు అనిపించదు. ఈ ‘అప్పా’ ఎవరి తండ్రీ కాదు. ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీకి ఇంగ్లీషు పొడి అక్షరాలు. రాష్ట్రం మారి అకాడమీ పేరు మారినా కండక్టర్ల నోట పాత పేరే నిలిచిపోయింది. అక్కణ్నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లు. రోడ్డుకు రెండు పక్కలా తొమ్మిది వందల పైచిలుకు మర్రిచెట్లు. కొన్నేళ్లుగా ఈ ముక్క చుట్టూ ఒకటే పంచాయితీ: చెట్లు కావాలా, ప్రాణాలు కావాలా?

2025 నవంబరు 3, సోమవారం పొద్దున్నే ఆ ప్రశ్న మరీ కరుకుగా వినిపించింది. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. టిప్పర్‌లోని కంకరంతా బస్సులోకి కుమ్మరించినట్టు పడింది. సెలవు రోజు ఇంట్లో గడిపి చదువులకు, కొలువులకు తిరిగి వస్తున్నవాళ్లతో బస్సు కిక్కిరిసి ఉంది. 19 మంది చనిపోయారు. చాలామంది ప్రాణాలు తీసింది ఆ కంకరే.

సాయంత్రానికల్లా ముద్దాయి దొరికింది: మర్రిచెట్టు. చెట్ల కోసం కేసు వేసినవాళ్లు అడ్డుపడబట్టే రోడ్డు వెడల్పు కాలేదని, అందుకే ఇంతమంది పోయారని కోపం కట్టలు తెంచుకుంది. సొంతవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల కోపాన్ని తప్పుపట్టలేం. కానీ ఈ రోడ్డు చరిత్ర తిరగేస్తే నేరాన్ని చెట్టు మీదికి నెట్టడం అంత సులువు కాదు.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చినప్పుడు అది తాండూరు, వికారాబాద్ మీదుగా వెళ్లింది. చేవెళ్ల, పరిగి, కొడంగల్ పట్టాలకు దూరంగా ఉండిపోయాయి. వాటికి రోడ్డే దిక్కు. నిజాం రాజ్యంలో బస్సులను మొదలుపెట్టింది కూడా రైల్వేనే. 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖను తెరిచింది. నేటి ఆర్టీసీకి మూలపురుషుడు ఆ శాఖే.

ఇప్పుడు బీజాపూర్ రోడ్డంటే పక్క రాష్ట్రానికి పోయే దారి. 1956కు ముందు గుల్బర్గా జిల్లా మొత్తం హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. కొడంగల్, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లావి. రాష్ట్రాల పునర్విభజనలో అవి ఇటు వచ్చాయి, మిగతా జిల్లా అటు పోయింది. ఇంటి ముందు బాటలాంటి దారి అలా రాత్రికి రాత్రే సరిహద్దు దారి అయింది. చాలాకాలం రాష్ట్ర రహదారిగా ఉండి, తర్వాత 163వ జాతీయ రహదారిలో కలిసింది. ఉప్పల్ నుంచి వరంగల్, ములుగు మీదుగా భోపాలపట్నం పోయే రోడ్డుదీ అదే నంబరు. అటు వరంగల్ దాకా నాలుగు వరసలు పడ్డాయి. ఇటు మాత్రం నంబరు బోర్డు మారింది, తారు వెడల్పు మారలేదు.

మారనిది తారు ఒక్కటే. దాని మీద నడిచే బండ్లు పూర్తిగా మారిపోయాయి. ఒకప్పుడు కూరగాయలు, పూలు, తాండూరు బండలు, కందులు నగరానికి చేరేందుకు సరిపోయిన దారి ఇది. ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు, ఫామ్‌హౌస్‌ల కార్లు, సిమెంటు లారీలు, క్రషర్ల టిప్పర్లు దీని మీదే. నగరం కట్టుకుంటున్న ప్రతి అపార్ట్‌మెంటుకూ కంకర ఎక్కడినుంచో రావాలి కదా.

ఈ దారిలో మర్రులు ఇన్నాళ్లు మిగలడానికి మరో కారణం కూడా ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. మొయినాబాద్ ఆ పరిధిలోదే. గచ్చిబౌలి ఆకాశానికి ఎగబాకుతున్న కాలంలో ఇక్కడ పొలాలు పొలాలుగానే ఉన్నాయంటే ఆ జీవో చలవే. 2022లో 69వ జీవోతో ఆ కళ్లెం సడలించారు. కాబట్టి నాలుగు వరసల రోడ్డు పడితే దాని మీదికి వచ్చేది ఇప్పుడున్న రద్దీ మాత్రమే కాదు.

నిజాం కాలంలో నాటించినవని చెప్పుకునే ఈ మర్రుల కింద మే నెలలో నడిచినవాళ్లకు వాటి విలువ వేరే చెప్పక్కర్లేదు. అశోకుడు రహదారులకు ఇరుపక్కలా చెట్లు నాటించిన సంగతి చిన్న తరగతుల్లోనే బట్టీ పట్టాం. నాటినవాటిని రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ఏ పాఠంలోనూ లేదు. విస్తరణకు మొదట గీసిన గీతల ప్రకారమైతే ఈ మర్రుల్లో చాలావరకు పోయేవే. వృక్షప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లారు. ఏళ్ల తరబడి సాగిన వ్యవహారం ప్రమాదానికి కొద్ది రోజుల ముందే కొలిక్కి వచ్చింది. ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, తప్పనిసరైన కొన్నింటినే తరలించేలా డిజైన్ మార్చారు.

అంటే నాలుగు వరసలూ పడతాయి, మర్రులూ చాలావరకు ఉంటాయి. ఇది చివర్లో సాధ్యమైతే మొదట్లోనూ సాధ్యమే. పాత దారిని ఒకవైపుకు వాడుకుని, పక్కన కొత్త దారి వెయ్యడం, రద్దీ ఊళ్లకు బైపాస్ తియ్యడం ఇంజనీర్లకు కొత్త విద్యలు కావు. తొలి నక్షాలోనే ఆ ఆలోచన చేసి ఉంటే కోర్టు మెట్లెక్కే పని ఉండేది కాదు. కేసు వల్ల జాప్యం జరిగిన మాట నిజమే. ఆ కేసును కొనితెచ్చింది మాత్రం చెట్లను లెక్కలోకి తీసుకోని డిజైన్.

ఇంకో సంగతి. రోడ్డు వెడల్పు ఆగింది కాబట్టి భద్రత పనులు కూడా ఆగాలని ఏ ట్రిబ్యునలూ చెప్పదు. గుంతలు పూడ్చడానికి, మలుపుల్లో రాత్రిపూట మెరిసే గుర్తులు పెట్టడానికి, చెట్ల మొదళ్లకు తెల్లరంగు వెయ్యడానికి, బస్సులు నిండుగా నడిచే వేళల్లో టిప్పర్లను ఆపడానికి ఒక్క మర్రికొమ్మా నరకాల్సిన పనిలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మోతాదుకు మించిన బరువు వేస్తే 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. చట్టంలో పదును ఉంది. తూకం వేసే చెయ్యి కావాలి.

చెట్లపక్షం వహించినవాళ్లకూ ఇప్పుడే అసలు పని మొదలవుతుంది. మొదలు చుట్టూ ఊపిరాడకుండా తారు పోసి, బస్సులకు తగులుతున్నాయని ఊడలు కత్తిరిస్తూ పోతే, గొడ్డలి పడకపోయినా మర్రి చస్తుంది. నేలలో దిగని ఊడ కొమ్మకు ఊతం కాలేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతే చూడండి. సుమారు ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ చెట్టుకు చెదలు పట్టి కొమ్మలు కూలితే సందర్శకులను ఆపేసి, 2018లో మనిషికి సెలైన్ పెట్టినట్టు చుక్కచుక్కగా మందు ఎక్కించాల్సి వచ్చింది. ఒక్క చెట్టుకే అంత అవస్థ! తరలించిన మర్రులకు రెండు మూడేళ్లపాటు నీళ్లెవరు పోస్తారు, బతికినవెన్ని చచ్చినవెన్ని అన్న లెక్క ఎవరు చెబుతారు? అది కాంట్రాక్టులోనే రాసి ఉండాలి.

మీర్జాగూడ ప్రమాదం జరిగిన పదకొండు రోజులకు, నవంబరు 14న, కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క కన్నుమూశారు. హులికల్, కుదూరు గ్రామాల మధ్య రోడ్డు పక్కన భర్తతో కలిసి 385 మర్రులను కడవలతో నీళ్లు మోసి పెంచిన మనిషి. 2019లో ఆ మర్రులకూ రోడ్డు విస్తరణ గండం వచ్చింది. ఆమె మొర పెట్టుకుంటే ముఖ్యమంత్రి వాటి జోలికి పోవద్దన్నారు. తిమ్మక్కకు పద్మశ్రీ ఉంది, పేరుంది. చేవెళ్ల మర్రులను నాటి, నీళ్లు పోసిన కూలీలెవరో ఎవరికీ తెలియదు. ముఖ్యమంత్రి తలుపు తట్టడానికి వాళ్లు లేరు.

రోడ్డు ఎలాగూ వెడల్పవుతుంది, కావాలి కూడా. అయితే 46 కిలోమీటర్ల పనికి కావాల్సిన కంకర, మట్టి వచ్చేది టిప్పర్లలోనే, అదీ ఇదే రోడ్డు మీద. పనులు పూర్తయ్యేదాకా తాండూరు తొలి బస్సు తెల్లవారుజామున వాటి పక్కనుంచే రావాలి. ఆ టిప్పర్ల మీద టార్పాలిన్ కప్పించే బాధ్యత ఎవరిది, వాటి తూకం ఎక్కడ వేస్తారు, బస్సుల వేళ ఏ గంట నుంచి ఏ గంట దాకా వాటిని ఆపుతారు అన్నవి చేవెళ్లలో ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నలు. మర్రిచెట్టును అడిగితే జవాబు దొరకదు.