సలాం చెప్పకుండా వచ్చేవారు

పరుల ఇంట అడుగుపెట్టే ముందు సలాం చెప్పి అనుమతి కోరాలని సూరా నూర్ మనకు నేర్పుతుంది. అనుమతి లభించకుంటే వెనుదిరగడమే మర్యాద. జంగారెడ్డిగూడెంలోని మా మద్రసాలో పిల్లలకు ఏటా ఈ పాఠం చెబుతున్నాము. అయితే చేతిలోని ఫోనుకు కూడా ఒక గుమ్మం ఉన్నదని మేము ఆలస్యంగా గ్రహించాము.

సెలవులు, పరీక్షల సమాచారం తెలపడానికి తల్లిదండ్రులతో ఒక వాట్సాప్ గ్రూపు ఏర్పాటు చేశాము. దాని లింకును అందరికీ పంచాము; ఎవరెవరు చేరుతున్నారో చూడలేదు. మొదట అప్పులిస్తామనే ప్రకటనలు వచ్చాయి. ఉపేక్షించాము. ఒక రాత్రి పెళ్లి పిలుపు పేరిట ఒక ఫైలు వచ్చింది. అది శుభలేఖ కాదు. ఫోనుకు వచ్చే ఓటీపీలను దొంగలకు చేరవేసే ఏపీకే ఫైలు. కుట్టుపనితో బతికే ఒక తల్లి దానిని తెరిచి, అడిగినవాటికల్లా సరేనన్నది. కుమార్తె కాలేజీ ఫీజుకు దాచిన సొమ్ము తెల్లవారేసరికి ఖాతాలో లేదు. "మీ గ్రూపులో వచ్చింది గదా హజ్రత్, అందుకే నమ్మాను" అన్నదామె. ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయింది.

ఆ రోజే పాత లింకును రద్దు చేశాము. కొత్తవారు చేరాలంటే అడ్మిన్ ఆమోదం, సందేశాలు పంపే హక్కు అడ్మిన్లకే అని సెట్టింగులు మార్చాము. అనుమానాస్పదమైన సందేశాన్ని అడ్మిన్ తొలగిస్తే అది అందరి ఫోన్లలోనూ తొలగిపోతుంది. గ్రూపు మూగబోయిందని కొందరు నొచ్చుకున్నారు. వారి సందేహాలను అసర్ నమాజు తరువాత ముఖాముఖిగా వింటున్నాము.

పాఠకులు తమ ఫోనులో చేయవలసినవి కొన్ని ఉన్నవి. వాట్సాప్ ప్రైవసీలో మిమ్మల్ని గ్రూపులలో చేర్చే అవకాశాన్ని మీ కాంటాక్టులకే పరిమితం చేయండి. ప్రకటనల మెసేజీలు, కాల్స్ ఆగాలంటే 1909కు 'స్టార్ట్ 0' అని ఇంగ్లీషు అక్షరాలలో ఎస్సెమ్మెస్ పంపండి. అయితే ఇది నిబంధనలు పాటించే వ్యాపారులనే ఆపుతుంది, దొంగలను కాదు. ఏపీకే ఫైలు ఎవరు పంపినా, బంధువు పేరుతో వచ్చినా తెరవకండి. ఆ బంధువు ఫోనే దొంగల చేతిలో ఉండవచ్చు. సొమ్ము పోతే సిగ్గుపడి దాచక, క్షణం ఆలస్యం చేయక 1930కు ఫోన్ చేయండి. సొమ్ము చేతులు మారకముందే ఫిర్యాదు అందితే దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది.

ఆ తల్లి మరునాటి సాయంత్రం వరకు ఎవరికీ చెప్పలేదు. సొమ్ము తిరిగి రాలేదు. ఫీజు సర్దుబాటుకు మేమూ చేయి వేశాము. దానితో మా బాధ్యత తీరిందని అనుకోవడం లేదు. పదిమందిని చేర్చి గుమ్మం తెరిచినవాడు, ఆ గుమ్మానికి కాపలా కూడా కాయాలి. అదీ అమానతే.