పని నడుస్తోందంటే సరిపోదు

పుదుచ్చేరి పట్టణంలో తెలుగు శుభలేఖ వేయించాలన్నా, యానాంలో పంచే కరపత్రం ఇక్కడే కంపోజ్ చేయించాలన్నా తరచూ కనిపించే దృశ్యం ఒకటే. డీటీపీ ఆపరేటర్ విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత సిస్టమ్ ఆన్ చేసి, పేజ్‌మేకర్ తెరిచి, 'అను' అనే పాత తెలుగు ఫాంటు ఎంచుకుంటాడు. కొత్తదానికి మారకూడదా అంటే, "పని నడుస్తోంది కదండీ, ఇప్పుడెందుకు కెలకడం?" అంటాడు. విజయవాడలో అడిగినా, హైదరాబాదులో అడిగినా వినిపించేది ఈ మాటే. ప్రచురణకర్తలు, రచయితలు కూడా చాలామంది దీనికి తలూపేశారు. ఈ మాట తప్పు, పైగా తెలుగుకు చేటు.

నడుస్తున్నది అచ్చుపని మాత్రమే. ఆ ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. పాత ఫాంట్లలో ఉండేవి 256 గళ్ళు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన ఆ గళ్ళలో మన తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులను ముక్కలు ముక్కలుగా సర్దారు. ఫాంటు ఉన్నంతసేపూ తెర మీద ముచ్చటైన తెలుగు కనిపిస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఐరోపా అక్షరాలు బయటపడతాయి. వేరే దారి లేని రోజుల్లో ఆ ఏర్పాటు చేసినవారు తెలుగు అచ్చును నిలబెట్టారు. వారికి దండం పెట్టాల్సిందే. కానీ ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే పద్ధతిగా 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంత చోటు దొరికింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు ఉంది. ఏ ఎక్స్‌పీని పట్టుకుని వేలాడుతున్నారో, అందులోనే సరైన తెలుగు ఇన్నేళ్ళుగా వాడకుండా పడి ఉంది! ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న చేయి విడిచింది. పేజ్‌మేకర్‌ను అడోబ్ అంతకు పదేళ్ళ ముందే వదిలేసింది.

దీనివల్ల నష్టమేమిటో చూడండి. ఒక కవి ముప్పయ్యేళ్ళ రచనలు అలాంటి ఫైళ్ళలో ఉంటే, అందులో 'గోదావరి' అని వెతికితే ఒక్కటీ దొరకదు. చూపులేని పాఠకుడికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ ఇంగ్లీషు ముక్కలనే వల్లెవేస్తుంది. మార్పిడి సాధనాలు లేకపోలేదు. కానీ 'స్త్రీ' లాంటి అక్షరం దగ్గర వత్తు ఒకచోట, గుడిదీర్ఘం ఒకచోట పడి, పుస్తకమంతా మళ్ళీ ప్రూఫ్ దిద్దాల్సి వస్తుంది. ఏటికేడాది ఈ బాకీ పెరుగుతూనే ఉంది.

మన పూర్వులు ఇలాంటి బాకీ పెరగనివ్వలేదు. ఈ పుదుచ్చేరిలోనే సెయింట్ లూయీ వీధిలో, 1955లో స్థాపించిన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడి శైవ తాళపత్రాలను యునెస్కో 2005లో 'మెమరీ ఆఫ్ ది వరల్డ్' జాబితాలో చేర్చింది. తాటాకు శాశ్వతం కాదు. పురుగు తొలిచేలోపు కొత్త ఆకుల మీదికి తిరగరాసిన లేఖకులు ఉండబట్టే ఆ గ్రంథాలు మన దాకా వచ్చాయి. "ఇప్పటికి చదవగలుగుతున్నాం కదా" అని వాళ్ళు ఊరుకోలేదు.

యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవంటారు. పదిహేనేళ్ళ కిందట అది నిజం. సిలికానాంధ్ర సంస్థ చొరవతో మండలి, రామభద్ర, గిడుగు వంటివి వచ్చాక, అవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాక ఇంకా అదే పాట పాడటం న్యాయం కాదు. వేళ్ళకు అలవాటైన ఆపిల్ కీబోర్డు లేఅవుట్ పోతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే, రోజుకూలి వేగం మీదే ఆధారపడిన వాళ్ళది ఆ భయం. అయితే ఆ లేఅవుట్‌తోనే యూనికోడ్‌లో కొట్టవచ్చు, తెలుగు వికీపీడియాలోనూ ఆ సదుపాయం ఉంది. ఇక ఖర్చంటారా, పేజీలు కూర్చడానికి పనికొచ్చే లిబ్రెఆఫీస్, స్క్రైబస్ రెండూ ఉచితమే. నెలనెలా అద్దె కట్టి సరికొత్త వెర్షన్ కొనమని నేను అనను. కొత్త మెనూలు, కొత్త రంగులు మనకు అక్కర్లేదు. మారాల్సింది అక్షరాన్ని దాచే పద్ధతి.

ఈ భారం ఆపరేటర్ నెత్తిన రుద్దితే పని జరగదు. అడగాల్సింది డబ్బిచ్చే మనం. రచయితలు తమ పుస్తకాన్ని యూనికోడ్‌లోనే కంపోజ్ చేయమని ముందే చెప్పాలి, పీడీఎఫ్‌తో పాటు ఆ మూల ఫైలునూ అడిగి తీసుకోవాలి. ప్రచురణకర్తలు పాత పుస్తకాలు మళ్ళీ అచ్చువేసేటప్పుడు మార్పిడికీ, ప్రూఫుకూ విడిగా కూలి లెక్కకట్టి ఇవ్వాలి. అది కూడా ఆ ఫైళ్ళు తెరవగలిగిన సిస్టమ్‌లు, ఆ ఫాంట్లు తెలిసిన మనుషులు ఇంకా అందుబాటులో ఉండగానే.