తొంబదితొమ్మిదేండ్ల కౌలు

పట్టణమునకు చెందిన ప్రాచీన సభాభవనమును, నిర్వహణభారము మోయజాలక, ప్రైవేటువారికి దీర్ఘకాలపు కౌలునకు అప్పగింపవచ్చునా యను ప్రశ్న మన పురపాలక సంఘముల ముందునకు వచ్చినప్పుడెల్ల నాకు మదరాసులోని విక్టోరియా పబ్లిక్ హాలు జ్ఞప్తికి వచ్చును. 1883 డిసెంబరులో విజయనగర మహారాజు పూసపాటి ఆనందగజపతిరాజు శంకుస్థాపన చేయగా, చిషోల్మ్ రూపకల్పన గావింపగా, నంబెరుమాళ్ చెట్టి నిర్మించిన ఆ యెఱ్ఱని మందిరమునకు నేల యిచ్చినది నగర పురపాలక సంఘము; పుచ్చుకొన్నది పురప్రముఖుల ధర్మకర్తృ సంఘము; గడువు 99 సంవత్సరములు; కౌలు గ్రౌండు అను నేలకొలతకు ఎనిమిదణాలు. బళ్లారి నుండి వచ్చిన ధర్మవరము కృష్ణమాచార్యులవారి సమాజము మదరాసులో ఆడిన తెలుగు నాటకములను చూచి, 1891లో పమ్మల్ సంబంధ మొదలియారు స్థాపించిన సుగుణవిలాస సభ పెక్కేండ్లు ఆ రంగస్థలము మీదనే తమిళ నాటకమునకు నూతనజీవము పోసినది.

ఇచ్చినవారు దురాశాపరులు కారు, పుచ్చుకొన్నవారును కారు. అయినను 1980ల నడుమ గడువు తీరునాటికి ఒడంబడిక వ్రాసినవారిలో ఒక్కరును జీవించియుండలేదు. ఆవరణలో భోజనశాలయు దుకాణములును వెలసినవి; మందిరము జీర్ణించినది; తన నేలను తాను తిరిగి పొందుటకు నగరమునకు న్యాయస్థానముల గుండా ఇరువది యేండ్లకు పైగా పట్టినది; పునరుద్ధరణకు మరల ప్రజాధనమే కోట్లలో వెచ్చింపవలసివచ్చినది. మా కల్వకుర్తి ప్రాంతపు రైతు తన చెలకను కౌలునకిచ్చినను ఉగాదికుగాదికి మాట తిరుగవేసికొనును, నడుమ గట్టు మీదికి పోయి చూచి వచ్చును. ఆపాటి జాగ్రత్త ఊరుమ్మడి సొత్తు విషయమున మనకేల లేకపోవలెను?

పురపాలక సంఘముల చేతిలో హాళ్లు బాగుగా నున్నవని నేననను. కురియు కప్పు, విఱిగిన కుర్చీలు, నీరు రాని మరుగుదొడ్లు అందఱును చూచుచున్నవే. ప్రైవేటువాడు వీనిని బాగుచేయును, నిజమే. కాని పెట్టిన సొమ్ము రాబట్టుకొనవలె గనుక అతడు పెండ్లిండ్లనే కోరును. మాఘము మొదలు వైశాఖము వఱకు ముహూర్తములు దట్టముగా నుండు కాలమే, పంటలు ఇంటికి చేరి, చిందు యక్షగాన బృందములు మేళము కట్టు కాలమును. ఫంక్షన్ హాలులో వేదిక వధూవరుల సోఫాకు సరిపడునది మాత్రమే. తెర దించుటకు తావుండదు, ముఖమునకు అర్దళము పూసికొని గజ్జెలు కట్టుకొనుటకు గది యుండదు, జనరేటరు మ్రోతలో హార్మోనియము వినబడదు. నాటకశాలయును అట్లే మాఱిన పిమ్మట ఆ బృందములు ఎచటికి పోవలెను?

వేదిక లేకుండుట యెట్టిదో తెలంగాణమునకు వేఱుగా చెప్పనక్కఱలేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు అల్లరిచేసి ఆపివేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. వేదికపై నెవరు నిలువవలెనో, ఏ దినమున నిలువవలెనో నిర్ణయించు అధికారము అద్దెలెక్కలకు మించినదని నా దృఢవిశ్వాసము.

కావున పురపాలక సంఘము నిర్వహణ నొసగవలసివచ్చినచో మూడేండ్లకు మించి యొసగరాదు. మాఘాది మాసములలో స్థానిక కళాబృందములకు కొన్ని దినములును, వారు చెల్లింపగల కిరాయియు పత్రముననే లిఖింపవలెను. తేదీల పుస్తకము పురపాలకుల చేతనే యుండవలెను. ఆ పత్రమును ఆమోదించుటకు ముందు తెలుగున అచ్చువేయించి, నెలదినములు కార్యాలయపు గోడకు అంటించి, చిందువారిని, భజనబృందములవారిని, ఉపాధ్యాయులను పిలిపించి వారి యభ్యంతరములు వినవలెను.