సంగీత గోష్ఠి: చప్పట్లు చెరిపేసిన కచేరీ

కచేరీకి స్వయంగా వెళ్లి విన్నవాడూ, ఆ కచేరీ రికార్డును ఇంట్లో కూర్చుని నూరుసార్లు విన్నవాడూ వాదానికి దిగితే ఎవరు నెగ్గుతారు? మన సంగీత సభల్లో ఈ తగువు పాతదే. "ఆ రాత్రి నేనక్కడ వున్నాను" అంటాడు మొదటివాడు. "పల్లవిలో వయొలిన్ ఆయన తడబడ్డాడు, గమనించావా?" అంటాడు రెండవవాడు. మొదటివాడు గమనించలేదు. గమనించే తీరిక అతనికెక్కడిది? అతను ఆనందిస్తున్నాడాయె!

ఈ జబ్బు మన రసికులకు మాత్రమే పట్టిందనుకోకండి. ఇంగ్లండులో 1960ల చివర పుట్టిన ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీతముంది. దాని అభిమానుల్లో ఇది మరీ ముదిరింది. మూడు నిమిషాల ప్రేమపాటతో తృప్తిపడక, రికార్డు ప్లేటు ఒక వైపంతా ఒకే పాటతో నింపాలనుకున్న కుర్రవాళ్ల సంగీతమది. ఎలక్ట్రిక్ గిటారు, ఆర్గను, డ్రమ్ములు వుంటాయి. వాటి నడుమ ఐదు లెక్కలూ ఏడు లెక్కలూ వేసే తాళాలు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు పోకడలు వుంటాయి. మన వాళ్లకు ఖండచాపు, మిశ్రచాపు అలవాటే గనుక లెక్క చూసి బెదరనక్కరలేదు. మోతకు బెదిరితే బెదరవచ్చు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్, పింక్ ఫ్లాయిడ్ అనేవి ఈ కోవలో పేరుమోసిన బృందాలు. జెనెసిస్‌లో పాడిన పీటర్ గేబ్రియల్ తరువాత రియల్ వరల్డ్ అనే రికార్డు సంస్థను స్థాపించాడు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన "డ్రీమ్" 1995లో ఆ సంస్థనుంచే వెలువడింది. కాబట్టి చుట్టరికం బొత్తిగా లేకపోలేదు.

ఈ బృందాల అభిమానులు ఇద్దరు కలిస్తే ఏ పాట గొప్పదని మాట్లాడుకోరు. ఏ రాత్రి గొప్పదని మాట్లాడుకుంటారు. యెస్ బృందం 1973లో "యెస్‌సాంగ్స్" అని మూడు ప్లేట్ల కచేరీ రికార్డు విడుదల చేసింది. ఆ పర్యటనలోని టేపులు తవ్వి తీసి, 2015లో "ప్రొజెనీ" అనే పేరుతో ఏడు కచేరీలను పద్నాలుగు సీడీలుగా అమ్మారు. అన్నీ 1972 అక్టోబరు, నవంబరు నెలల్లో జరిగినవి. ఏడు రాత్రులూ ఇంచుమించు అవే పాటలు, అదే వరస! ఇంట్లోని మిగతావాళ్లను తలుచుకుంటే జాలి వేస్తుంది. అయినా కొన్నవాళ్లు వృథాగా కొనలేదు. డ్రమ్ములు వాయించే బిల్ బ్రూఫర్డ్ ఆ ఏడాదే బృందం వదిలి కింగ్ క్రిమ్సన్‌లో చేరిపోతే, అలన్ వైట్ అనే కొత్తవాడు కొద్ది రోజుల వ్యవధిలో ఆ చిక్కు లెక్కలన్నీ నేర్చి వేదిక ఎక్కాడు. అతను రాత్రి రాత్రికీ ఎలా కుదురుకున్నాడో ఆ ఏడు కచేరీలలోనూ వినవచ్చు. ఏదో ఒక్క రాత్రి వింటే అది దొరకదు.

ఇంతవరకూ ముచ్చటే. అసలు పేచీ దొంగ టేపుల దగ్గర వస్తుంది.

పింక్ ఫ్లాయిడ్ వారి "డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" 1973 మార్చిలో వెలువడింది. కాని దాన్ని అంతకు ఏడాది ముందే, 1972 ఆరంభంలోనే, కచేరీల్లో వాయించసాగారు. ఎవరో రహస్యంగా రికార్డు చేశారు, మరెవరో ప్లేట్లు అచ్చొత్తి అమ్మారు. అసలు రికార్డు రాకముందే దొంగ రికార్డు బజారుకెక్కింది! ఇది పచ్చి దొంగతనమే, సందేహం లేదు. వండుతున్న కూర మూత తీసి వీధిలో అమ్మినట్టే. అయితే ఆ టేపులు వింటే ఒక వింత బయటపడుతుంది. ఆ వరసలో ఒకచోట ఇప్పుడు యంత్రం పరుగెత్తుతున్నట్టు వినిపించే భాగం మొదట గిటారు, కీబోర్డుల సంభాషణగా వుండేది. మాటలు లేకుండా గుండె కరిగేలా ఒక స్త్రీ ఆలపించే భాగముంది చూశారా, ఆ గొంతు 1973 జనవరిలో గాని చేరలేదు. అంతకుముందు అక్కడ ఆర్గనూ, బైబిలు పఠనమూ వుండేవి. ఒక కృతి ఎలా పెరిగిందో చెప్పే సాక్ష్యం దొంగ చేతిలో మిగిలింది.

లాస్ ఏంజెలెస్‌లో మైక్ మిలర్డ్ అని ఒకాయన వుండేవాడు. కాళ్లు బాగానే వున్నా చక్రాల కుర్చీలో కచేరీకి వెళ్లేవాడు. ఎందుకంటే ఆ కుర్చీలో నకమిచి టేపు రికార్డరు దాగేది. మంచి మైకులూ, నెమ్మదైన చేయీ, అంతకుమించి ఓపికా వున్నవాడు. 1975 ఏప్రిల్ 26న అక్కడ జరిగిన పింక్ ఫ్లాయిడ్ కచేరీని ఇలాగే పట్టాడు. యాభై ఏళ్లు గడిచాయి. "విష్ యు వర్ హియర్" స్వర్ణోత్సవ సంచికను 2025లో తీసుకువచ్చినప్పుడు కంపెనీవారు అందులో ఆ దొంగ టేపునే, స్టీవెన్ విల్సన్ చేత శుభ్రం చేయించి, దర్జాగా చేర్చారు. మిలర్డ్ అది చూడలేదు. 1990లలోనే పోయాడు. ఆయనను దొంగ అనడానికి నాకు నోరు రాదు. టేపు పట్టినవాడు వేరు, అది అచ్చొత్తి సొమ్ము చేసుకున్నవాడు వేరు. రెండవవాడికి సంగీతమైనా ఒకటే, సబ్బుబిళ్లలైనా ఒకటే.

కింగ్ క్రిమ్సన్ నాయకుడు రాబర్ట్ ఫ్రిప్ ఈ తేడా ఒప్పుకోడు. సభలో రహస్యంగా టేపు తిప్పేవాడూ, ఫొటో తీసేవాడూ వినడానికి రాలేదు, పట్టుకుపోవడానికి వచ్చాడని ఆయన పట్టుదల. మరి అలాంటి మనిషి 1992లో డేవిడ్ సింగిల్టన్‌తో కలిసి డి.జి.ఎమ్. అనే సంస్థ పెట్టి, పాత కచేరీలను తానే విరివిగా వెలికితీసి అమ్మడం మొదలుపెట్టాడు. హక్కులు కళాకారుడివే అన్నది ఆ సంస్థ నియమం. దొంగను తిట్టి కూర్చోకుండా దొంగకు పనిలేకుండా చేశాడన్నమాట. ఆ బృందం ఇటీవలి పర్యటనల్లో, 2021 వరకూ, ఒక పద్ధతి పాటించింది. చివర్లో టోనీ లెవిన్ వేదికమీద తన కెమెరా పైకెత్తేదాకా సభికులు ఫొటోలు తీయరాదు. ఆయన ఎత్తాడా, అందరూ ఎత్తవచ్చు. మన పెళ్లి పందిళ్లలో ఈ నియమం పెడితే వధూవరులు పురోహితుడి మొహం చూడగలుగుతారు!

ఇక రెండో పేచీ. కచేరీలో తప్పు దొర్లితే స్టూడియోలో దిద్ది "ఇదే కచేరీ" అనవచ్చునా? కింగ్ క్రిమ్సన్ 1975లో "యు.ఎస్.ఎ." అనే కచేరీ రికార్డు విడుదల చేసింది. అందులో చాలా భాగం 1974 జూన్ 28న ఆస్‌బరీ పార్క్‌లో వాయించినది. వయొలిన్ విద్వాంసుడు డేవిడ్ క్రాస్. కాని రికార్డులో కొన్నిచోట్ల వినిపించే వయొలిన్ అతనిది కాదు. ఎడ్డీ జాబ్సన్ చేత తరువాత వాయించి అతికారు. మూడు రోజుల తరువాత న్యూయార్కులో జరిగిన కచేరీయే ఆ బృందంతో క్రాస్‌కు ఆఖరుది. అప్పటికి మిగతావాళ్ల మోత పెరిగి, అతని వాద్యం అందులో మునిగిపోతూండేది. మునిగినవాడిని పైకి లాగకుండా అతని చోట ఇంకొకరిని నిలబెట్టారు. జాబ్సన్ చక్కగానే వాయించాడు, ఒప్పుకుంటాను. అయినా ఆ ప్లేటు వింటుంటే నాకు మనస్సు కుదుటపడదు. అతుకులు లేని ఆ కచేరీ తరువాతి కాలంలో బయటికి వచ్చింది. వినేవారు దాన్నే వినండి.

ఇందుకు తలకిందుల వ్యవహారం కూడా ఈ బృందమే చేసింది. 1974లో వచ్చిన "స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్" స్టూడియో రికార్డనే జనం అనుకున్నారు. నిజానికి అందులో చాలా భాగం కచేరీల్లో వాయించినదే. చప్పట్లు, ఈలలు జాగ్రత్తగా చెరిపేశారు! అందులో "ట్రయో" అనే ఐదున్నర నిమిషాల భాగం 1973 నవంబరు 23న ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సర్ట్‌గెబౌ మందిరంలో అప్పటికప్పుడు పుట్టింది. క్రాస్ వయొలిన్ మెల్లగా ఎత్తుకున్నాడు. జాన్ వెట్టన్ బాస్ గిటారుతో తోడు నిలిచాడు. ఫ్రిప్ మెలట్రాన్ మీద వేణునాదం పలికించాడు. ఇక డ్రమ్ముల ముందు కూర్చున్న బ్రూఫర్డ్? కర్రలు రెండూ గుండెలమీద అడ్డంగా పెట్టుకుని ఆద్యంతం వూరుకున్నాడు. ఒక్క దెబ్బ వేయలేదు. మన మృదంగ విద్వాంసుల్లో ఇంత నిగ్రహం వున్నవారు లేకపోలేదు గాని, వారి పేరు కృతికర్తల్లో చేర్చినట్టు నేను వినలేదు. ఇక్కడ చేర్చారు. ఆ మౌనమే అతని వంతు రచన అని తక్కిన ముగ్గురూ ఒప్పుకున్నారు.

ఆ రాత్రి కచేరీ టేపు అభిమానుల చేతుల్లో చాలా ఏళ్లు తిరిగింది. 1997లో డి.జి.ఎమ్. వారే "ది నైట్ వాచ్" పేరుతో దాన్ని పూర్తిగా విడుదల చేశారు. ముందు చప్పట్లు చెరిపిన "ట్రయో" వినండి. తరువాత "నైట్ వాచ్"లో వినండి. వాద్యం చివరిదాకా ఒకటే. అది ఆగిపోయాక మాత్రం, ఇరవై మూడేళ్లపాటు మనకు వినపడకుండా పోయిన ఆ జనం అక్కడ వున్నారు.