సత్యం కుంభకోణం తర్వాత ఏం మారింది? చిన్న వాటాదారు ఓటుకు విలువెంత?

ఏజీఎం నోటీసు, ఈ-ఓటింగ్ లింక్ అంటూ వచ్చే మెయిల్‌ను చాలామంది తెరవకుండానే వదిలేస్తారు. పది షేర్లున్నవాళ్ల ఓటుతో ఏమవుతుందిలే అనుకుంటారు. కొన్ని తీర్మానాల విషయంలో ఈ లెక్క తప్పు. ఎందుకో తెలియాలంటే హైదరాబాద్‌లో జరిగిన సత్యం వ్యవహారాన్ని ఒకసారి చూడాలి.

అప్పుడు ఏం జరిగింది?

2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు ఓ నిర్ణయం తీసుకుంది. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో మెజారిటీ వాటాను 160 కోట్ల డాలర్లకు కొనాలన్నది దాని సారాంశం. పేరున్న బిజినెస్ స్కూళ్ల ప్రొఫెసర్లు ఇండిపెండెంట్ డైరెక్టర్లుగా ఉన్నా, బోర్డు సరేనంది. వాటాదారుల ఓటు అడగలేదు. ఇన్వెస్టర్లు భగ్గుమనడంతో కంపెనీ గంటల్లోనే వెనక్కి తగ్గింది.

2009 జనవరి 7న రాజు రాసిన లేఖతో గుట్టు రట్టయింది. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేవు. లేని ఆస్తుల స్థానంలో నిజమైనవి చూపేందుకు మేటాస్ కొనుగోలే చివరి ప్రయత్నమని ఆయనే ఒప్పుకున్నారు. అంటే ఆ కొనుగోలును ఆపింది డైరెక్టర్లు కాదు, వాటాదారులు.

లేఖ బయటికొచ్చిన రోజే షేరు ధర 70 శాతానికి పైగా పడిపోయింది. కింది కోర్టు తీర్పు 2015 ఏప్రిల్‌లో వచ్చింది. శిక్షలు పడ్డాయి గానీ, చిన్న ఇన్వెస్టర్లు పోగొట్టుకున్న డబ్బు ఆ తీర్పుతో తిరిగి రాలేదు.

చట్టం ఏం మార్చింది?

* ఆడిట్: 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీలో ఒకే ఆడిట్ సంస్థ వరుసగా పదేళ్లకు మించి కొనసాగకూడదు. ఆడిటర్లపై నిఘాకు 2018లో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఏర్పాటైంది.
* సొంతవాళ్లతో లావాదేవీలు: సెబీ నిబంధనల ప్రకారం పరిమితి దాటిన లావాదేవీలకు వాటాదారుల ఆమోదం తప్పనిసరి. పైగా ప్రమోటర్లు, వాళ్ల సంబంధీకులు దానికి అనుకూలంగా ఓటేయకూడదు.

రెండో మార్పే కీలకం. ప్రమోటరుకు 60 శాతం వాటా ఉన్నా, ఇలాంటి తీర్మానాన్ని తన ఓట్లతో నెగ్గించుకోలేరు. మిగతావాళ్లే తేల్చాలి. అందులో మ్యూచువల్ ఫండ్లు ఉంటాయి, మీరూ ఉంటారు.

మీరేం చేయొచ్చు?

1. సమావేశానికి కనీసం 21 రోజుల ముందే నోటీసు రావాలి. అందులో ‘రిలేటెడ్ పార్టీ’ అన్న మాట ఉందేమో చూడండి. ఎవరితో లావాదేవీ, ఎంతకు, ఎందుకు అన్నది నోటీసుతో ఇచ్చే వివరణలో ఉంటుంది.
2. ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ ద్వారా ఫోన్‌లోనే ఓటేయొచ్చు. సమావేశానికి ముందు జరిగే ఈ-ఓటింగ్ కనీసం 3 రోజులుంటుంది, ముందురోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది.
3. ఫిర్యాదు ఉంటే ముందు కంపెనీకి రాయండి. అక్కడ తేలకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో నమోదు చేయండి. దానిపై 21 రోజుల్లో చర్య తీసుకున్నట్లు కంపెనీ నివేదిక ఇవ్వాలి.

ఈ-ఓటింగ్ గడువు దాటాక సమావేశంలో పాల్గొంటే తప్ప ఓటేసే వీలుండదు. అందుకే మెయిల్ వచ్చిన రోజే ఆఖరి తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.